మంచుదారిలో డెక్కల చప్పుడు

చలికాలం వస్తే మనం దుప్పటి ముసుగేస్తాం. కొండ మీద గుర్రానికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. కాఫీ దిగాలి, అల్లం దిగాలి, పసుపు దిగాలి... ఎముకలు కొరికే చలిలో ఆ మూగజీవి చేత పని చేయించడం ఎలా? దాని ఒంట్లో ఏం జరుగుతుంది? మన్యం కాలిబాటల నుంచి మలక్‌పేట రేసుకోర్సు దాకా ఓసారి చూసొద్దాం.

పుష్యమాసం తెల్లవారుజాము. వడ్డాది నాలుగు రోడ్ల కూడలిలో టీకొట్టు పొయ్యి చుట్టూ మంకీ క్యాపులు, మఫ్లర్లు, చంకల్లో దూర్చిన చేతులు. ‘ఈ ఏడు చలి మరీ ఎక్కువగా ఉంది’ అని ఒకరంటారు. ప్రతి ఏడూ అనే మాటే! నిజానికి అక్కడి చలి పదిహేను డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అసలు చలిని చూడాలంటే ఆ కూడలి నుంచే కొండల వైపు తిరిగే రోడ్డు పట్టుకోవాలి. మాడుగుల దగ్గర ఓ హల్వా పొట్లం కట్టించుకుని ఘాట్‌ ఎక్కితే పాడేరు. రెండు గంటలు పట్టని ప్రయాణం. కానీ ఆ రెండు గంటల్లో సముద్ర మట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకు చేరతాం. పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. దానికితోడు రాత్రివేళ కొండల మీది చల్లగాలి బరువెక్కి లోయల్లోకి జారి, చెరువులో నీళ్లలా అక్కడే నిలిచిపోతుంది. అందుకే పాడేరు, మినుములూరు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే రెండు మూడు డిగ్రీలు నమోదు కావడం వింతేమీ కాదు. లంబసింగికి ‘కొర్రబయలు’ అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరులోని భావం.

పర్యటకులకు అదో సరదా. మంచులో ఫొటోలు, బొంగు చికెన్‌, వేడివేడి కాఫీ. ఆ కాఫీ గింజ కొండ మీద నుంచి ఎలా దిగిందన్నది చాలామందికి తట్టని ప్రశ్న.

కాఫీ పండ్లు కోతకు వచ్చేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అల్లం, పసుపు, రాజ్మా, మిరియాలు... మన్యం పంటల్లో చాలావాటికి చలికాలమే రాబడి కాలం. సంతలు కళకళలాడేదీ అప్పుడే. కానీ రోడ్డు ఎక్కడో కింద ఆగిపోతుంది. అక్కడి నుంచి కొండ మీది గూడేనికి కాలిబాట. మనుషులైతే కావిడి భుజానికెత్తుకోవాలి, లేదా తలమీద మూట పెట్టుకోవాలి. కాస్త స్థోమత ఉన్న ఇంట్లో మాత్రం ఓ పొట్టి గుర్రం ఉంటుంది. సంతకు సరుకు దించేది అదే, తిరుగు ప్రయాణంలో ఉప్పూ బియ్యమూ మోసుకొచ్చేది అదే. అనకాపల్లి జిల్లాలోని కొండ మీది గూడెం పిల్లలు గుర్రాలెక్కి బడికి వెళ్తున్న వార్తలు కూడా ఈమధ్య ఏళ్లలో పత్రికల్లో కనిపించాయి. బడికి గుర్రం మీద వెళ్లడం చదవడానికి రాజకుమారుల కథలా ఉంటుంది. కింద వేరే బాట లేకపోవడం వల్ల వచ్చిన రాచరికం అది!

కాబట్టి జనవరిలో గుర్రం కాలు నొచ్చినా, కడుపు పట్టేసినా, దగ్గు పట్టుకున్నా ఆ ఇంటికి ఆ ఏడాది ఆదాయమే ఆగిపోయినట్టు. ట్రాక్టరైతే మెకానిక్‌ని పిలుస్తాం. కొండ మీదికి పశువైద్యుడు రావాలన్నా నడిచే రావాలి. జబ్బు చేశాక పరుగులు పెట్టడం కంటే జబ్బు చేయకుండా పని చేయించుకోవడం తెలియడమే అక్కడ బతుకుతెరువు.

కడుపులోనే కుంపటి
ముందుగా ఓ అపోహ తీరాలి. మనం వణుకుతున్నాం కాబట్టి గుర్రమూ వణుకుతోందనుకుంటాం. కానీ అది పుట్టుకతో చలిదేశపు జంతువు. ఆరోగ్యంగా ఉండి, ఒళ్లు పొడిగా ఉంటే అయిదు డిగ్రీల చలి దానికి లెక్కే కాదు. చలికి అలవాటుపడి, దట్టంగా వెంట్రుకలు పెరిగిన గుర్రమైతే సున్నాకు దిగువన పది పదిహేను డిగ్రీల దాకా పెద్దగా ఇబ్బంది పడదు. రష్యాలోని యాకుత్‌ గుర్రాలు మైనస్‌ యాభై డిగ్రీల్లోనూ ఆరుబయటే తిరుగుతూ, మంచును డెక్కతో గీరి కింది గడ్డిని తింటాయి. అంత దూరం ఎందుకు, మన లద్దాఖ్‌లోని జంస్కారీ గుర్రాలు, హిమాచల్‌లోని స్పితి గుర్రాలు ఊపిరందని ఎత్తుల్లో గడ్డకట్టే చలిలో బరువులు మోస్తూనే ఉంటాయి.

దీని రహస్యం పొట్టలో ఉంది. ఆవులా గుర్రం నెమరు వేయదు. అది తిన్న గడ్డి పేగుల చివరి భాగానికి చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఆ పులియడంలో వేడి పుడుతుంది. అంటే గుర్రం కడుపులో రాత్రంతా ఓ కుంపటి రగులుతూనే ఉంటుందన్నమాట. ఆ కుంపటికి బొగ్గులు గడ్డీ చొప్పా. చలి ఎక్కువైందని గింజల దాణా రెట్టింపు చేసేవాళ్లున్నారు. అది పొరపాటు. ఉలవలు సత్తువనిస్తాయి, నిజమే. కానీ ఒళ్లు వెచ్చగా ఉంచేది గడ్డి. పైగా గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే కడుపు శూల, కాళ్ల వాపు తెచ్చిపెడతాయి. రాత్రి పడుకునే ముందు మరో కట్ట గడ్డి వేయడం... పశువైద్యులు చెప్పే చలికాలపు మందు ఇంత చవకైనది!

ఇక ఒంటిమీద వెంట్రుకలు. చలి తగలగానే అవి నిక్కబొడుచుకుంటాయి. వాటి మధ్య చిక్కిన గాలి పొర రగ్గులా పనిచేస్తుంది. తడిస్తే? వెంట్రుకలు అట్టకట్టి చర్మానికి అంటుకుపోతాయి, గాలి పొర మాయమవుతుంది. పొడిగా ఉన్నప్పుడు సున్నా డిగ్రీలను లెక్కచేయని గుర్రమే తడిస్తే పది పదిహేను డిగ్రీలకే వణకడం మొదలుపెడుతుంది. దానికి గాలి తోడైతే చెప్పనక్కర్లేదు.

చలికి బెదరదు, తడికి బెదురుతుంది. గుర్రపు యజమాని చలికాలమంతా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

చెమటే శత్రువు
మన్యంలో చలికాలం వాన తక్కువ. మరి తడి ఎక్కడి నుంచి వస్తుంది? ఒకటి మంచు. తెల్లవారుజామున బాటకు రెండువైపులా గడ్డి మోకాళ్ల దాకా తడిసి ఉంటుంది. రెండోది, అసలైంది, గుర్రం చెమటే. జంతువుల్లో మనిషిలా ఒళ్లంతా చెమటలు కక్కేవి తక్కువ. గుర్రం వాటిలో ఒకటి. డెబ్భై కిలోల మూటతో నిట్టనిలువు బాట ఎక్కితే బయట మూడు డిగ్రీలున్నా మూట కింద వీపు తడిసి ముద్దవుతుంది. పైకి చేరగానే ‘పాపం అలసిపోయింది’ అని మూట దించి, గోనె లాగేసి, గాలికి వదిలేస్తే ఆ తడి వీపుకు చలిగాలి చుట్టుకుంటుంది. కండరాలు బిగుసుకుపోతాయి. మర్నాడు అది అడుగు తీసి అడుగు వేయలేదు.

అందుకే అనుభవజ్ఞులు తొందరపడరు. పైకి చేరడానికి కాస్త ముందే వేగం తగ్గిస్తారు. చివరి పది నిమిషాలు మెల్లగా నడిపిస్తారు. మూట దించినా వీపు మీది గోనెను కాసేపు అలాగే ఉంచుతారు. తర్వాత గుప్పెడు ఎండుగడ్డి తీసుకుని మెడ నుంచి తోక దాకా రుద్దుతారు. వెంట్రుకలకు ఎదురు దిశలో రుద్దితే గాలి ఆడి త్వరగా ఆరతాయి. ఛాతీ మీద, ముందు కాళ్ల సందున చెయ్యి పెట్టి చూస్తారు. అక్కడ చల్లగా, పొడిగా తగిలితేనే కట్టుగొయ్య దగ్గరికి. లక్షలు ఖరీదు చేసే రేసు గుర్రానికీ వేలల్లో కొన్న మన్యం గుర్రానికీ ఈ విషయంలో తేడా లేదు. అక్కడ రగ్గు, ఇక్కడ గోనె. అంతే!

పని మొదలుపెట్టేటప్పుడూ అంతే జాగ్రత్త అవసరం. రాత్రంతా ఒకేచోట కట్టేసి ఉన్న గుర్రం కీళ్లు, నరాలు చలికి బిగిసి ఉంటాయి. లేపగానే మూట వేసి బాటకెక్కిస్తే కాలు బెణకడం ఖాయం. మామూలు రోజుల్లో అయిదారు నిమిషాలు నడిపిస్తే సరిపోయేది చలికాలంలో పదిహేను నిమిషాలైనా బరువు లేకుండా నడపాలి. కళ్లెం ఇనుప ముక్క రాత్రి చలికి మంచుగడ్డలా ఉంటుంది. దాన్ని అలాగే నోట్లో పెట్టడం ఎంత బాధో ఓసారి మన నాలుకకు ఆనించుకుంటే తెలుస్తుంది. అరచేతుల్లో పట్టుకుని వెచ్చబరచాకే పెట్టాలి. తాడుతో అల్లిన ముకుదాడు వాడేవాళ్లకు ఆ గొడవ లేదు.

అసలు పొగమంచులో బయల్దేరడమే తెలివితక్కువ. ఎండ బాటమీద పడేదాకా ఆగితే రాళ్లమీది తేమ ఆరుతుంది, గుర్రానికీ ముందు అడుగు కనబడుతుంది. సంత పొద్దున్నే మొదలవుతుందనుకోండి, అప్పుడు ముందురోజు సాయంత్రమే దిగి కింద ఊళ్లో ఆగడం మేలు. అడిగేవాడు లేడు కదా అని అర్ధరాత్రి బరువులతో దించేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు గుర్రం విలువ అది జారిపడిన రోజున తెలుస్తుంది.

ముక్కు ఒక్కటే దారి
గుర్రం గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది నోటితో ఊపిరి పీల్చలేదు. ఎంత ఆయాసపడినా ముక్కుతోనే. ఇంకో విచిత్రం, దౌడు తీసేటప్పుడు దాని ఊపిరి అంగలకు తాళం వేస్తుంది. ఒక అంగకు ఒక ఊపిరి. నిమిషానికి నూట ఇరవై దాటుతుంది. ఊరికే నిలబడినప్పుడు నిమిషానికి ముప్పై నలభైసార్లు కొట్టుకునే గుండె పూర్తివేగంలో రెండు వందలు దాటేస్తుంది.

మెల్లగా నడిచేటప్పుడు ముక్కులోని మెత్తటి పొరలు చలిగాలిని వెచ్చబరచి, తేమ చేర్చి ఊపిరితిత్తులకు పంపుతాయి. దౌడులో ఆ వ్యవధి దొరకదు. చల్లటి, పొడిగాలి నేరుగా లోతుకు పోయి గొట్టాల లోపలి పొరను ఎండగడుతుంది. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్‌ విశ్వవిద్యాలయంలో మైకేల్‌ డేవిస్‌ బృందం గుర్రాలను గడ్డకట్టే చలిగాలి పీలుస్తూ పరుగెత్తించి చూసింది. మర్నాటికీ వాటి శ్వాసనాళాల్లో వాపు లక్షణాలు కనిపించాయి. మనుషుల్లో చలిప్రదేశాల క్రీడాకారులకు వచ్చే ఉబ్బసం లాంటిదే ఇది. కాబట్టి చలి ముదిరిన రోజున నడక, దుడుకు నడక వరకే పరిమితం కావాలి. దౌడు ఎండెక్కాకే.

మన్యంలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. చలికి తట్టుకోలేదేమోనని గుర్రాన్ని ఇంటి వసారాలోకి తెచ్చి, చుట్టూ తడికలు బిగించి, పక్కనే నెగడు వేస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ పొగ, మూత్రం ఘాటు, పాత గడ్డిలోని బూజు... ఊపిరితిత్తులకు బయటి చలి కన్నా ఇవే ఎక్కువ హాని. గుర్రానికి కావలసింది పైన కప్పు, గాలి వీచే వైపు ఒక అడ్డం. మిగతా వైపులు తెరిచి ఉంటేనే మంచిది. వెచ్చగా ఉండే మూసిన గది కంటే చల్లగా ఉండే పొడి పాక వెయ్యిరెట్లు నయం.

నీళ్లు తాగని గుర్రం
చలికాలంలో గుర్రాల ప్రాణం తీసేది చలి కాదంటే నమ్ముతారా? దాహం లేకపోవడం. వంద కిలోల బరువుకు రోజుకు అయిదు లీటర్ల నీళ్లు గుర్రానికి అవసరం. అంటే రెండు వందల కిలోల పొట్టి గుర్రానికి పది లీటర్లు. పచ్చగడ్డి దొరికే వానాకాలంలో మేత నుంచే సగం నీరు అందుతుంది. చలికాలం వచ్చేసరికి మేత ఎండిపోతుంది, గెడ్డ నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లబడతాయి. గుర్రం రెండు గుక్కలు తాగి మూతి తిప్పేసుకుంటుంది. ఎండుగడ్డి, చాలని నీళ్లు. పేగులో మేత గట్టిపడి ఇరుక్కుంటుంది. అదే శూల. గుర్రం వాంతి కూడా చేసుకోలేదు. పక్కకు తిరిగి డొక్కలు చూసుకోవడం, ముందు కాలితో నేలను గీరడం, పడుకుని పొర్లడం, పేడ వేయకపోవడం... ఇవి కనిపించాయంటే ఇక గంటల్లో లెక్క.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, చలిరోజుల్లో వెచ్చబరచిన నీళ్లు పెడితే పొట్టి గుర్రాలు దాదాపు 40 శాతం ఎక్కువ తాగాయని తేలింది. మన్యంలో దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. పొయ్యి మీద ఎలాగూ కుండ ఉంటుంది. ఓ చెంబెడు వేడినీళ్లు బకెట్‌లో కలిపితే చాలు. రవ్వంత ఉప్పు దాణాలో వేస్తే దాహం అదే పుడుతుంది. పనిలోంచి వచ్చాక ఊపిరి నెమ్మదించగానే ఆ గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా, రెండు మూడు విడతలుగా పెట్టాలి.

‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అని సామెత. దాణా సంగతి సరే, నీళ్ల సంగతి మన సామెతలు కూడా మర్చిపోయినట్టున్నాయి!

తోక చూపిస్తే డబ్బులు
చలికాలపు గుర్రం గురించి మాట్లాడుతూ ఎండ గురించి చెప్పకపోతే తెలుగునేల కథ సగమే అవుతుంది. ఎందుకంటే ఇక్కడ గుర్రానికి ఎప్పుడూ సమస్య వేడే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చూడండి. ఓడలు తుపానులో ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు వాటిలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు లాగేసుకునేవారనీ, తాను అలా చేయననీ వర్తకులకు మాటిచ్చాడు. అంటే గుర్రం ఓడ దిగి రావాల్సిన సరుకు. కాకతీయుల కాలంలో ‘సాహిణి’ అని ఓ బిరుదుండేది. గుర్రపుదళాన్ని చూసే అధికారి అని అర్థం. గంగయసాహిణి పేరు అలా వచ్చిందే. కాకతీయుల కాలంలోనే తీరం వెంబడి సాగిన వెనిస్‌ యాత్రికుడు మార్కోపోలో, దక్షిణాది రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, వాటిని సాకడం తెలియక ఏడాది తిరిగేసరికి చాలావాటిని పోగొట్టుకుంటారనీ రాశాడు. ఉడికించిన అన్నంలో మాంసం కలిపి పెట్టేవారట! గడ్డి తినే జీవానికి బిర్యానీ పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

విజయనగరం వచ్చేసరికి ఈ వ్యాపారం పతాకస్థాయికి చేరింది. రాజు ఏటా పదమూడు వేల హొర్ముజ్‌ గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్‌ రాశాడు. అంతకుముందు సాళువ నరసింహుడైతే దారిలో చచ్చిన గుర్రానికీ డబ్బిచ్చేవాడట. తోక తెచ్చి చూపిస్తే చాలు! ఇప్పటి బీమా కంపెనీలు కూడా అంత ఉదారంగా ఉండవేమో.

మన వడ్డాదికీ ఈ కథలో చోటుంది. ఇప్పుడు బుచ్చెయ్యపేట మండలంలో ఓ గ్రామంగా కనిపించే వడ్డాది ఒకప్పుడు రాజధాని. ‘ఒడ్డాది’ మత్స్యవంశపు రాజులు ఇక్కడి నుంచి పాలించారు. ఆ వంశపు అర్జునుడి 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం చరిత్రకారులకు బాగా తెలిసిందే. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో ఈ దారినే వచ్చాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆ దండయాత్ర వర్ణనలో ఒడ్డాది పేరుంది. 1516లో రాయలు సింహాచలం దర్శించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చిన అరబ్బీ గుర్రాలు ఈ కొండల అంచున నడిచిన రోజులవి. గుర్రాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా సాకాలో చెప్పే గ్రంథాలు కూడా మనకున్నాయి. మనుమంచిభట్టు ‘హయలక్షణవిలాసం’ తెలుగులో అచ్చంగా గుర్రాల మీదే రాసిన కావ్యం.

అరబ్బీ గుర్రాలు వచ్చాయి, పోయాయి. కొండ మీద నిలబడింది మాత్రం ఎవరూ కావ్యం రాయని పొట్టి గుర్రమే.

మలక్‌పేటలో మంచికాలం
మన్యం నుంచి హైదరాబాద్‌ వెళ్తే లెక్క తిరగబడుతుంది. అక్కడ చలికాలం గుర్రాలకు పండగ. మౌలాలిలో మొదలై 1886లో మలక్‌పేటకు మారిన రేసులకు రెండు సీజన్లు... ఒకటి వానాకాలం, రెండోది నవంబరు నుంచి మొదలయ్యే శీతకాలం. పదిహేను డిగ్రీల చల్లటి పొద్దు రేసు గుర్రానికి ఒంటికి హాయి. వేసవిలో ఒంట్లో పుట్టిన వేడిని వదిలించుకోవడమే దానికి పెద్ద పని. చలిపొద్దున ఆ బెడద ఉండదు కాబట్టి అదే శ్రమతో ఎక్కువ దూరం పరుగెత్తుతుంది.

ఇంకా చీకటి ఉండగానే కసరత్తు మొదలవుతుంది. ముందు నడక, తర్వాత దుడుకు నడక, ఆపైన మెల్లటి దౌడు. పూర్తివేగంతో పరుగెత్తించేది వారంలో ఒకటి రెండు రోజులే. దౌడు అయ్యాక సైసు దాన్ని వదిలేయడు. పల్చటి రగ్గు కప్పి, ఊపిరి మామూలయ్యేదాకా గుండ్రంగా తిప్పుతూనే ఉంటాడు. ఇక్కడ చిక్కల్లా గుర్రం హుషారే. చలిగాలి తగిలితే అది చెవులు నిక్కించి, తోక ఎత్తి, కాగితం ముక్క కదిలినా ఎగిరి పడుతుంది. ముందురోజు సెలవిచ్చిన గుర్రమైతే మరీను. స్వారీ చేసేవాడు చలికాలంలో కింద పడటానికి కారణం తరచూ ఇదే. దానికి విరుగుడు కొరడా కాదు. బయటికి తీసేముందు కాసేపు తాడు మీద గుండ్రంగా తిప్పి ఆ పొంగు దించడమే.

పిల్ల గుర్రానికి చలికాలం బడి
కొత్త గుర్రాన్ని మరిపించడానికి కూడా ఇదే అదను. చల్లటి పూట, ఈగల బాధ లేదు, వరి కోసిన మళ్లు గట్టిపడి ఉంటాయి. ఎక్కడైనా పద్ధతి ఒకటే. మొదట తల్లి వెంట ఖాళీగా నడవడం. తర్వాత మెడకు తాడు. ఆ తర్వాత వీపు మీద ఉత్త గోనె. అది జారినా, చప్పుడు చేసినా బెదరకుండా నిలబడేదాకా అంతకుమించి ముందుకు పోకూడదు. రోజుకు పావుగంట చాలు. చలిలో గంటలకొద్దీ నిలబెట్టి నేర్పితే అది నేర్చుకునేది ఒకటే, మనిషి వస్తే పారిపోవాలని!

తొందరపడితే నష్టం శాశ్వతం. రెండేళ్ల పిల్ల చూడటానికి పెద్ద గుర్రంలాగే ఉంటుంది. కానీ మోకాలి పై ఎముక చివర మెత్తటి భాగం గట్టిపడేది రెండు, రెండున్నరేళ్లకి. వెన్నుపూసలు పూర్తిగా బిగిసేసరికి అయిదేళ్లు దాటుతుంది. ఈలోగా పసుపు బస్తా వేస్తే వీపు వంగిపోతుంది. ఆ వంపు మళ్లీ తిరిగి రాదు. మూగజీవాలతో బరువులు మోయించడంపై 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పొట్టి గుర్రంపై 70 కిలోలకు మించి వేయకూడదు. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. నిబంధన ఢిల్లీలో పుట్టింది కాబట్టి అందులో ఎండ గురించి ఉంది... 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని వద్దని. లంబసింగి లాంటి చోట తెల్లవారుజాము చలి సంగతి యజమాని మనసుకే వదిలేశారు.

డెక్కల మాట మర్చిపోకూడదు. తడి గడ్డి, బురద, పేడలో నిలబడితే డెక్క అడుగున కుళ్లు పట్టి దుర్వాసన వేస్తుంది. రోజూ సాయంత్రం కాలెత్తి, మొండి ములుకుతో శుభ్రం చేసి, రాళ్లు తీసేయాలి. అయిదు నిమిషాల పని. డెక్క లేకపోతే గుర్రం లేదని గుర్రాలు పెంచే ప్రతి దేశంలోనూ ఏదో రూపంలో అంటారు.

రోడ్డొస్తోంది... మరి గుర్రం?
దేశంలో గుర్రాల సంఖ్య వేగంగా పడిపోతోంది. 2012 పశుగణనలో ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పోనీలు 2019 నాటికి 3.4 లక్షలకు తగ్గాయి. ఏడేళ్లలో దాదాపు సగం! మన్యంలోనూ బాటలు మారుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైంది, వడ్డాది అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. 2023లో కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్‌ పథకంలోనూ, 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘అడవితల్లి బాట’లోనూ గిరిజన ఆవాసాలకు రోడ్లే ప్రధానం. ఈ కొండల్లో రోడ్డుకు మరో చరిత్ర కూడా ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే బాట పనుల్లో కూలీలను పీడించడమే 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం.

రోడ్డు రావాలి. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే రోజులు పోవాలి. ఆ మాటలో రెండో అభిప్రాయానికి తావే లేదు. అయితే రోడ్డు గూడెం దాకానే వస్తుంది. కాఫీ తోట ఇంకా పైన, మిరియాల తీగ ఇంకా పైన. అక్కడి నుంచి బండి దగ్గరికి సరుకు దించేందుకు ఇంకొన్నాళ్లు గుర్రమే కావాలి. రోజంతా సంతకు పోయిరావాల్సిన పని పూటపనిగా మారుతుంది. గుర్రానికి అంతకన్నా కావలసిందేముంది?

సంక్రాంతి దాటాక మన్యంలో ఓ చిన్న విచిత్రం గమనించవచ్చు. చలి ఇంకా తగ్గదు. కానీ గుర్రం మెడమీద చెయ్యి వేస్తే వెంట్రుకలు చేతికి అంటుకొస్తాయి. గుర్రం ఒంటిమీది జుట్టు చలిని బట్టి కాదు, పగటి వెలుగును బట్టి పెరుగుతుంది, రాలుతుంది. ధనుర్మాసంలో పొద్దు కురచయ్యేదాకా పెంచుకున్న కోటును పొద్దు సాగడం మొదలవగానే విడవడానికి సిద్ధమవుతుంది. పైగా మన అక్షాంశంలో ఏడాదిలో అతి చిన్న పగలు పదకొండు గంటలు, అతి పెద్దది పదమూడు గంటలు. ఆ కాస్త తేడాకు లద్దాఖ్‌ గుర్రంలా బొచ్చు పెరగదు. లంబసింగి చలి, హైదరాబాద్‌ పొద్దు... మన్యం గుర్రానికి రెంటి మధ్యా ఇరుకు. చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందంటారు. జనవరి చివరి నుంచి అప్పటిదాకా ఉండే మూడు నాలుగు వారాలే దానికి అసలు గండం. పల్చబడ్డ ఒళ్లు, తగ్గని చలి, తెమలని కాఫీ కోత. ఆ రాత్రుల్లో దాని వీపు మీద పొడి గోనె ఒకటి కప్పి, ముందు ఓ కట్ట గడ్డి ఎక్కువ పడేస్తారు.